సింగపూర్‌లో బ్లాక్ కింద కోపిటియాం: తక్కువ ఖర్చుతో కడుపు నిండా తినే పద్ధతి

సింగపూర్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఇల్లు దొరికిన మర్నాడే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "రోజూ బయట తింటే ఎంతవుతుంది?" ఎక్కడ తింటారన్నదాన్ని బట్టి ఉంటుంది. మాల్‌లోని రెస్టారెంట్లో కూర్చుంటే బిల్లు మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 9 శాతం జీఎస్టీ పడి ఒక్కరి భోజనమే 20 డాలర్లు దాటిపోతుంది. అదే మనిషి లిఫ్టు దిగి బ్లాక్ కింద కాఫీ షాపుకి వెళ్తే 5 డాలర్లలో కడుపు నిండుతుంది. ఒక సింగపూర్ డాలర్ ఇప్పుడు 70 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది కాబట్టి నెల తిరిగేసరికి ఆ తేడా ఎంతవుతుందో లెక్కేసుకోండి.

అయినా మనవాళ్లు చాలామంది ఆ షాపు ముందునుంచి రోజూ నడిచి వెళ్తారే గాని లోపల అడుగు పెట్టరు. ఏమని అడగాలో తెలీదు, ఏ కూరలో ఏముందో తెలీదు, వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారేమోనని టెన్షన్. నేను ఇక్కడి టోవా పాయో అనే పేటలో ఉంటున్నాను. మొదటి నాలుగైదు సార్లు దాటితే ఆ బెరుకు పూర్తిగా పోతుందని అనుభవంతో చెప్పగలను. ఆ నాలుగైదు సార్లు ఎలా దాటాలో ఒక్కో అడుగూ చెప్తాను.

మొదటి అడుగు: ఏమీ కొనకుండా ఒకసారి చుట్టి రండి

మలయ్ భాషలో 'కొపి' అంటే కాఫీ, హొక్కియన్ అనే చైనా భాషలో 'తియాం' అంటే అంగడి. రెండూ కలిసి కోపిటియాం అయ్యింది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్లు కాఫీ షాపు అనే అంటారు. మూడు వైపులా తెరిచి ఉండే హాలు, పైన ఫ్యాన్లు, గుండ్రటి బల్లలు, గోడ పొడుగునా ఆరేడు స్టాల్స్. ఒక్కో స్టాల్‌ ఒకటో రెండో వంటకాలకే కట్టుబడి ఉంటుంది. సాధారణంగా షాపు మొత్తం తీసుకున్నవాళ్లు డ్రింక్స్ స్టాల్‌ని తాము నడుపుకుంటూ మిగతా స్టాల్స్‌ని వంటవాళ్లకి అద్దెకిస్తారు. అందుకే బయట కొన్న కూల్‌డ్రింక్ తెచ్చుకుని అక్కడ కూర్చుంటే వాళ్లకి నచ్చదు. తాగడానికేదైనా అక్కడే కొనడం మర్యాద.

హాకర్ సెంటర్ వేరు. అది ప్రభుత్వం కట్టించింది, ఇంకా పెద్దది, స్టాల్స్ పదుల సంఖ్యలో ఉంటాయి. ఒకప్పుడు రోడ్ల పక్కన తోపుడు బండ్ల మీద వండి అమ్మేవాళ్లని 1970ల నుంచి 80ల నడిమిదాకా విడతలవారీగా ఈ సెంటర్లలోకి మార్చారు. నీళ్లు, డ్రైనేజీ, చెత్త సమస్యలు అలా తీరాయి. 2020 డిసెంబరులో సింగపూర్ హాకర్ సంస్కృతి యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 2016లో రెండు హాకర్ స్టాల్స్‌కి మంచి హోటళ్లకిచ్చే మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. కొత్తవాళ్లు ఆ పేరున్న స్టాల్స్ వెతుక్కుంటూ వెళ్లి ఎండలో గంటసేపు నిలబడతారు. నా మాట వింటే అక్కడ మొదలుపెట్టకండి. మీ బ్లాక్ కింద ఉన్నదానితో మొదలుపెట్టండి. వారానికి మూడుసార్లు వెళ్లగలిగే చోటే మీకు పనికొస్తుంది.

చుట్టి వచ్చేటప్పుడు ఏ స్టాల్‌ ముందు ముసలివాళ్లు లైన్లో ఉన్నారో చూడండి. రోజూ అక్కడే తినేవాళ్లు ధరా రుచీ రెండూ ఎరిగి నిలబడతారు. కాగితం మీద చేత్తో రాసి అంటించిన సెలవు నోటీసులు కూడా చూసుకోండి. వారంలో ఒక రోజు మూసే స్టాల్స్ చాలా ఉంటాయి, సోమవారాలు ముఖ్యంగా. చైనా కొత్త సంవత్సరానికైతే సగానికి సగం స్టాల్స్ కొన్ని రోజులు మూతే.

రెండో అడుగు: ముందు కుర్చీ, తర్వాత తిండి

మధ్యాహ్నం 12 నుంచి 1:30 దాకా రద్దీ. మొదటిసారి వెళ్లేవాళ్లు 11 గంటలకో, 2 గంటల తర్వాతో వెళ్లండి. స్టాల్‌లో ఉన్నవాళ్లకి మీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఉంటుంది.

బల్ల మీద ఒక టిష్యూ పేపర్ల ప్యాకెట్టు ఒంటరిగా కనిపిస్తే అది ఎవరో మరిచిపోయింది కాదు. ఆ చోటు పట్టేసుకున్నారని అర్థం. మన బస్సుల్లో కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టే. దీన్ని 'చోప్' చేయడం అంటారు. గొడుగు, ఆఫీసు ఐడీ కార్డు కూడా ఈ పనికి వాడతారు. దాన్ని పక్కకి జరిపి కూర్చోకండి. ఒక్కరే వెళ్తే మీ దగ్గరా ఒక టిష్యూ ప్యాకెట్టు ఉంచుకోండి. చాలా షాపుల్లో చేతులు తుడుచుకోవడానికి టిష్యూలు ఇవ్వరు కాబట్టి అది రెండు విధాలా పనికొస్తుంది. ఖాళీ లేకపోతే సగం నిండిన బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ చూపించి అడగండి, కాదనరు.

బల్ల మీద నంబరుంటే గుర్తుపెట్టుకోండి. కొన్ని స్టాల్స్‌వాళ్లు వండి తెచ్చిస్తారు, అప్పుడు ఆ నంబరు చెప్పాలి. 'సెల్ఫ్ సర్వీస్' అని బోర్డుంటే అక్కడే నిలబడి తీసుకోవాలి.

మూడో అడుగు: కాఫీ భాష నేర్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. పది మాటలు వస్తే చాలు, జీవితాంతం పనికొస్తాయి.

ఉత్తినే 'కొపి' అంటే మిల్క్‌మెయిడ్ లాంటి తీపి డబ్బా పాలు వేసిన చిక్కటి కాఫీ వస్తుంది. 'కొపి ఓ' అంటే పాలు లేకుండా చక్కెర మాత్రమే. 'కొపి సీ' అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, విడిగా చక్కెర. మన ఇంటి కాఫీకి దగ్గరగా ఉండేది ఈ కొపి సీనే. టీ కావాలంటే కొపి తీసేసి 'తే' పెట్టండి: తే, తే ఓ, తే సీ.

ఆ తర్వాత తీపి సంగతి. 'సియూ దాయ్' అంటే తీపి తక్కువ. 'కోసోంగ్' అంటే మలయ్‌లో ఖాళీ, అంటే చక్కెర అసలు వద్దని. షుగర్ ఉన్నవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. తీపి డబ్బా పాలలో చక్కెర ముందే ఉంటుంది కాబట్టి పాలు కావాలనుకుంటే 'కొపి సీ కోసోంగ్' అనే అడగాలి. మా నాన్నగారికి షుగరుంది. తెనాలి నుంచి వచ్చినప్పుడు మొదట నేర్పిన మాట అదే. మూడో రోజుకి ఆయనే వెళ్లి తెచ్చుకున్నారు.

డికాక్షన్ ఘాటుగా కావాలంటే 'గావ్', పల్చగా కావాలంటే 'పో', ఐస్ వేసి కావాలంటే చివర 'పెంగ్'. అన్నీ కలిపి 'కొపి సీ గావ్ సియూ దాయ్' అంటే పాలతో, ఘాటుగా, తీపి తక్కువగా అని. ఐస్ వేస్తే ధర కొంచెం పెరుగుతుంది. వేడి కాఫీ ఒకటిన్నర డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. అద్దాల తలుపుల కేఫ్‌లో అదే మొత్తానికి మూడు నాలుగు రెట్లవుతుంది.

రుచి మన ఫిల్టర్ కాఫీలా ఉండదని ముందే చెప్పాలి. ఇక్కడి గింజల్ని చక్కెర, మార్జరిన్ లాంటి కొవ్వు వేసి నల్లగా వేయిస్తారు. పొడవాటి గుడ్డ సంచిలో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి వడకడతారు. అందుకే కాస్త మాడిన పాకం వాసన, చేదు ఉంటాయి. రెండు మూడు సార్లు తాగాక దాని తీరు తెలుస్తుంది. పాత షాపుల్లో మందపాటి పింగాణీ కప్పు సాసరుతో సహా ఇస్తారు. ముసలివాళ్లు కొందరు సాసర్లో పోసుకుని చల్లార్చుకుని తాగుతారు. మా తాతగారు తాగిన పద్ధతి అదే.

కాఫీ అలవాటు లేనివాళ్లకి అల్లం టీ ఉంది, 'తే హాలియా' అనాలి. పైనుంచి కిందికి పొడుగ్గా పోసి నురుగు తెప్పించిన టీ 'తే తారిక్'. ఇది ప్రాటా అమ్మే స్టాల్స్‌లో బాగుంటుంది. గులాబీ సిరప్ కలిపిన పాలు 'బండుంగ్', పిల్లలకి బాగా నచ్చుతుంది.

డ్రింక్స్ అమ్మేవాళ్లు చాలా షాపుల్లో బల్ల దగ్గరికే వచ్చి అడుగుతారు, తెచ్చి ఇచ్చినప్పుడే డబ్బు తీసుకుంటారు. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనండి. ఈ విషయంలో సింగపూర్‌వాళ్లూ మనమూ ఒకటే. స్కాన్ చేసి కట్టే సదుపాయం చాలా చోట్ల ఉన్నా, 2, 5, 10 డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోండి. కాఫీకి 50 డాలర్ల నోటు ఇస్తే చిల్లర కోసం వాళ్లు వెతుక్కోవాలి.

నాలుగో అడుగు: ఉదయం టిఫినుతో మొదలు

కొత్తవాళ్లకి పొద్దుటి పూటే తేలిక. కయా టోస్ట్ అడగండి. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండాన్ అనే సువాసన ఆకుతో ఉడికించిన తీపి ముద్దని కయా అంటారు. కాల్చిన రొట్టె మధ్య ఆ కయా, చల్లటి వెన్న ముక్క పెడతారు. దానితో సగం ఉడికిన రెండు గుడ్లు వస్తాయి. గుడ్లు సాసర్లో పగలగొట్టుకుని, సోయా సాస్, తెల్ల మిరియాల పొడి చల్లి, కలిపి, రొట్టె ముంచుకు తింటారు. గుడ్డు పచ్చిగా ఉందనిపిస్తే గుడ్లు వద్దని టోస్ట్ ఒక్కటే తీసుకోండి. కయాలో కూడా గుడ్డుంటుంది కాబట్టి శాకాహారులకి వెన్న, చక్కెర టోస్ట్ మేలు.

ప్రాటా సంగతి మనకి కొత్త కాదు, పరోటా చుట్టమే. 'కోసోంగ్' అంటే ఉత్తది, 'తెలూర్' అంటే గుడ్డు, 'బవాంగ్' అంటే ఉల్లిపాయ. మామూలుగా చేపల పులుసుతో ఇచ్చేస్తారు. చేప తిననివాళ్లు పిండి సాగదీస్తున్నప్పుడే 'దాల్' అని చెప్పాలి, గిన్నెలో పోశాక కాదు.

ఐదో అడుగు: చాయ్ పెంగ్ కౌంటర్

రోజూ తినడానికి ఇంతకన్నా మంచిది లేదని నా నమ్మకం. ఇంగ్లీషులో 'ఎకానమీ రైస్' అంటారు. గాజు పెట్టె వెనక ఇరవై దాకా కూరల ట్రేలు ఉంటాయి: క్యాబేజీ, బీన్స్, టోఫు, వంకాయ, కోడికూర, చేప, గుడ్డట్టు. తెల్లన్నం పళ్లెంలో పెట్టి మీకేసి చూస్తారు. మీరు వేలితో చూపిస్తూ పోవాలి. అంతే. భాష అక్కర్లేదు.

లైన్ వేగంగా కదులుతుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడే ఏవి కావాలో నిర్ణయించుకోండి. మొదట "ఈటింగ్ హియర్" అనో "తాపావ్" అనో చెప్పండి. రెండోది పార్సెల్ అని అర్థం. ఒక మాంసం కూర, రెండు కూరగాయల కూరలు తీసుకుంటే నాలుగైదు డాలర్లు. మూడూ కూరగాయలవే అయితే ఇంకా తక్కువ. బిల్లు పెరిగేది చేపలతో, రొయ్యలతో. నిండు చేప ముక్క ఒక్కటే మిగతా పళ్లెమంత ఖరీదు కావచ్చు. పళ్లెంలో పెట్టించుకునే ముందే "హౌ మచ్" అని అడగండి. అందరూ అడుగుతారు, సిగ్గుపడాల్సింది లేదు. నేనొకసారి అడక్కుండా తీసుకుని ఒక్క పళ్లేనికి 9 డాలర్లు కట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగడం మానలేదు.

అన్నం మీద కూర పులుసు పోయమంటే సాధారణంగా ఉచితంగానే పోస్తారు. మన నాలుకకి అన్నం పొడిగా అనిపిస్తుంది కాబట్టి "కర్రీ గ్రేవీ" అని అడగండి. పచ్చిమిరప ముక్కలు వేసిన సోయా సాస్ పక్కనే ఉంటుంది, అదీ తీసుకోండి.

ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ హెచ్‌డీబీ దగ్గర అద్దెకు తీసుకున్న కాఫీ షాపులకి 2023 నుంచి ఒక షరతు వచ్చింది. అద్దె గడువు పొడిగించుకునేటప్పుడు తక్కువ ధరకి బడ్జెట్ మీల్ పెట్టడానికి ఒప్పుకోవాలి. స్టాల్ మీద ఆ స్టిక్కరుందేమో చూడండి. మీ దగ్గర్లో ఏ షాపులో దొరుకుతుందో 'బడ్జెట్‌మీల్‌గోవేర్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు.

ఆరో అడుగు: ఏం తినకూడదో తెలుసుకోండి

ఇక్కడ తొందరపడకండి. తెలీక తిని తర్వాత బాధపడినవాళ్లని చూశాను.

మొదటిది, హైననీస్ చికెన్ రైస్‌లో అన్నమే కోడి కొవ్వు, కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. కోడి ముక్కలు తీసేసి అన్నం ఒక్కటే ఇమ్మన్నా అది శాకాహారం కాదు. రెండోది, సంబల్. ఎర్రగా మన పండుమిరప పచ్చడిలా కనిపిస్తుంది గాని అందులో చాలావరకు 'బెలచాన్' ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. 'సంబల్ కంగ్కోంగ్' అంటే తూటికూర వేపుడు. పేరు ఆకుకూరదే, లోపల రొయ్యలు. నాసి లెమాక్‌లో అన్నం కొబ్బరిపాలతో కమ్మగా ఉంటుంది, కానీ పక్కన 'ఇకన్ బిలిస్' అనే చిన్న ఎండు చేపలు వేస్తారు, సంబల్‌లో కూడా అవి ఉండొచ్చు. లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలుంటాయి. 'క్యారెట్ కేక్'లో క్యారెట్టూ లేదు, కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి గుడ్డుతో వేయిస్తారు. చార్ క్వే తియావ్‌ని (వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేపుడు) సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు.

బీఫ్ తిననివాళ్లు అన్నంతో రకరకాల కూరలు అమ్మే నాసి పడాంగ్ స్టాల్‌లో 'రెండాంగ్' అనే చిక్కటి మాంసం కూర అడిగేటప్పుడు అది కోడిదా, బీఫా అని తేల్చుకోండి. చూడ్డానికి రెండూ ఒకే రంగు. పంది మాంసం వద్దనుకునేవాళ్లకి హలాల్ సర్టిఫికెట్ ఉన్న స్టాల్ భరోసా. 'నో పోర్క్, నో లార్డ్' అనే బోర్డు మాత్రం హలాల్ సర్టిఫికెట్‌తో సమానం కాదు. మీకు కావాల్సింది ఏదో దాన్ని బట్టి చూసుకోండి.

ఇక పూర్తి శాకాహారులకి మంచి కబురు. చాలా కాఫీ షాపుల్లో చైనా శాకాహార స్టాల్ ఒకటి ఉంటుంది. బౌద్ధ సంప్రదాయంలో వండేవాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కార్తీక మాసంలో మా అమ్మ ఉల్లి వెల్లుల్లి ముట్టదు. ఆ నెలలో ఆవిడ బయట తిన్నది ఈ స్టాల్స్‌లోనే. అన్ని స్టాల్సూ అంత నియమంగా ఉండవు, కొందరు గుడ్డు వాడతారు. "నో ఎగ్, నో ఆనియన్, నో గార్లిక్" అని అడిగి నిర్ధారించుకోండి. చైనీస్ మాత్రమే వచ్చిన ఆంటీ అయితే "వో చి సూ" అంటే నేను శాకాహారినని అర్థమవుతుంది. పళ్లెంలో అచ్చం మాంసంలా కనిపించే ముక్కలు సోయాతోనో గోధుమ జిగురుతోనో చేసినవి, కంగారుపడకండి. పొద్దున్నే అక్కడ దొరికే 'వెజిటేరియన్ బీ హూన్' సన్నటి బియ్యపు సేమ్యా వేపుడు. మూడు నాలుగు డాలర్లలో తృప్తిగా తినొచ్చు. చైనా పంచాంగంలో నెల మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య పౌర్ణమి దరిదాపుల్లో, చైనీయులు చాలామంది శాకాహారం తింటారు. ఆ రోజుల్లో లైన్ పెద్దది, కూరలు త్వరగా అయిపోతాయి.

మీ పేటలో అలాంటి స్టాల్ లేకపోతే వాటర్‌లూ స్ట్రీట్‌కి వెళ్లండి. క్వాన్ ఇమ్ గుడి, శ్రీకృష్ణుడి గుడి దగ్గరదగ్గరగా ఉంటాయి. చైనీస్ భక్తులు కృష్ణుడి గుడి ముందూ అగరొత్తులు వెలిగిస్తారు. అక్కడికి నడక దూరంలోనే ఉన్న ఫార్చూన్ సెంటర్లో శాకాహార స్టాల్స్ వరసగా ఉన్నాయి. మన దోసెలు, బిర్యానీలు కావాలంటే లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ ఎలాగూ ఉంది.

ఏడో అడుగు: సాయంత్రం నలుగురితో జీ చార్

ఇంటికి చుట్టాలొస్తే నేను తీసుకెళ్లేది ఇక్కడికే. కోపిటియాంలో పెద్ద మూకుడు, పెద్ద మంట ఉన్న స్టాల్ జీ చార్‌ది. మనం హోటల్లో ఆర్డరిచ్చినట్టు నాలుగు వంటకాలు చెప్పుకుని, తెల్లన్నంతో పంచుకు తినాలి. ప్రతిదానికీ చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు ధరలుంటాయి. నలుగురికి చిన్న సైజు నాలుగు రకాలు సరిపోతాయి. బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ పొడిలో కరివేపాకుతో వేయించిన 'సీరియల్ ప్రాన్స్' మనవాళ్లకి మొదటిసారే నచ్చుతుంది. ఇనప పెనం మీద చిటపటలాడుతూ వచ్చే టోఫు కూడా. దాని మీద మాంసం కీమా వేస్తారు, వద్దంటే ముందే చెప్పండి. పీతలు, చేపల దగ్గర 'సీజనల్ ప్రైస్' అని ఉంటే బరువు, ధర అడిగాకే ఒప్పుకోండి. బల్ల మీద అడక్కుండానే పెట్టిన వేరుశనగలకి, తడి టిష్యూలకి డబ్బు వేసే చోట్లున్నాయి, అక్కర్లేకపోతే వెనక్కి ఇచ్చేయండి. పిల్లలతో వెళ్తే నేల మీద గీత గీసి ఉన్న స్మోకింగ్ మూలకి దూరంగా కూర్చోండి.

తిన్నాక పళ్లెం తీసి పెట్టాలి

ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు నుంచి, కాఫీ షాపుల్లో 2022 జనవరి నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. వాడిన టిష్యూలు, స్ట్రాలు, ఎముకలు బల్ల మీద వదిలేసినా తప్పే. ట్రేలు పెట్టే ర్యాకులు రెండుంటాయి, హలాల్‌ది వేరు, మిగతాది వేరు. బోర్డు చదివి సరైనదాంట్లో పెట్టండి. ముస్లింలు తినే పళ్లాలు విడిగా కడగాలన్నది వాళ్లకి చాలా ముఖ్యమైన విషయం. తుడిచే పనిలో ఉండేవాళ్లు చాలామంది అరవై దాటిన పెద్దవాళ్లు. మా ఇంట్లో పిల్లలకి ట్రే మోయడం చిన్నప్పుడే నేర్పాం.

ఇంటికి పట్టుకెళ్లాలంటే

వానాకాలం సాయంత్రాల్లో తాపావ్ చేయించుకోవడం మేలు. డబ్బాకి 20, 30 సెంట్లు అదనంగా తీసుకుంటారు కాబట్టి చాలామంది ఇంటినుంచి స్టీలు క్యారియర్ తెచ్చుకుంటారు. మీరూ తెచ్చుకోండి, వేడన్నం ప్లాస్టిక్‌లో పోయించుకునే పని తప్పుతుంది. నూడుల్స్ అయితే పులుసు విడిగా కట్టమనండి, లేకపోతే ఇంటికెళ్లేసరికి ముద్దయిపోతాయి. కాఫీని పాత పద్ధతిలో పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతికి తాడు ముడేసి ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి. ఆ తాడు ఉచ్చులో వేలు పెట్టి పట్టుకోవాలి, సంచిని పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇంటికి వచ్చాక దాన్ని ఇనప గేటు కమ్మీకి తగిలించి, తాపీగా తాళం తీసుకోవచ్చు.